జామతోటకు పంపిన పురుగులు

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే నాకంటే ముందే మా ఆయన జవాబు చెప్పేవాడు. "పురుగులకు వండిపెడ్తది. ఇంట్ల మాకు లేటైనా సరే, వాటికి మాత్రం టైముకు పెడ్తది." అడిగినవాళ్లు నవ్వేవాళ్లు. నేను కోపం వచ్చినట్టు మూతి తిప్పేదాన్ని. నిజానికి ఆ మాటలో అబద్ధం ఏమీ లేదు. ఇరవై ఆరేళ్లు సర్కారు నాకు జీతం ఇచ్చింది పురుగులకు తిండి పెట్టడానికే.

ఈ మధ్య మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు ఇంటికి వచ్చి, "మీ అనుభవం ఏదైనా రాసివ్వండి మేడం" అన్నారు. నేను చేసిన మంచి పనులన్నీ వరసగా రాస్తాననుకున్నారు పాపం. నాయనా, మంచి పనులు ఎవరైనా రాస్తారు. నేను తప్పు చేసిన రోజు గురించి రాస్తున్నాను, చదవండి. పేర్లు మాత్రం రాయను. అందులో ఉన్నవాళ్లందరూ నాకు కావలసినవాళ్లే.

మా ల్యాబ్ నల్లగొండ జిల్లాలో ఒక చిన్న ఊళ్లో, రెండు గదులూ ఒక రేకుల షెడ్డూ. పంటను తినే పురుగులు ఉంటాయి కదా, ఆ పురుగులను తినే పురుగులు కూడా ఉంటాయి. ఆ రెండో రకాన్ని పెంచి రైతులకు ఇవ్వడం మా పని. నేను ల్యాబ్ అసిస్టెంటును. నాకు పైన ఒక సార్. చదువులో బంగారు పతకం వచ్చినవాడు, మనిషి వెన్న, కానీ ప్రతిదానికీ భయమే. నాకు కింద ఒక అటెండరు. కింద అన్నది కాగితం మీద మాటే, వయసులో నాకు తండ్రి లాంటివాడు. నేను ఆయన్ని కాకా అని పిలిచేదాన్ని, ఆయన నన్ను బిడ్డా అనేవాడు.

పని మొదలయ్యేది ఎర్ర గుమ్మడికాయతో. తొడిమ ఊడకూడదు, తోలుకు దెబ్బ తగలకూడదు. అలాంటి కాయలను ఏరి తెచ్చి, కడిగి ఆరబెట్టి, వాటి మీదికి పిండినల్లిని వదులుతాం. మీ ఇంటి మందార కొమ్మలకు తెల్లగా పిండి చల్లినట్టు అంటుకుని ఉంటుందే, అదే పిండినల్లి. అది కాయ రసం పీల్చి పీల్చి, కొన్ని వారాల్లో కాయ మొత్తం కనిపించకుండా తెల్లగా కమ్మేస్తుంది. అప్పుడు దాని మీదికి పెంకుపురుగులను వదులుతాం. పెసరగింజంత ఉంటాయి. నల్లటి ఒళ్లు, ఇటుకరంగు తల. పిండినల్లే వాటికి బువ్వ. అక్కడే గుడ్లు పెడతాయి, పిల్లలు అక్కడే తిని పెరుగుతాయి.

కాయలు కొనడానికి నేనే అంగడికి వెళ్లేదాన్ని. ముప్పై, నలభై కాయలు ఒకేసారి ఆటోలో వేయిస్తుంటే, అమ్మే అవ్వ ఒకరోజు ఉండబట్టలేక అడిగింది. "ఎవల పెండ్లి బిడ్డా?"

"పెండ్లి కాదవ్వా, పురుగులకు."

అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "చెప్పుకుంటె భోజనాలకు పిలువాలెనని గిట్ల మాట దాటేస్తున్నవా?" అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా ఆమె నన్ను నమ్మలేదు.

మా కాక ఆ కాయలు పెట్టిన బోనుల ముందు కూర్చుని పురుగులతో మాట్లాడేవాడు, మధ్యలో నా వైపు తిరిగేవాడు. "ఎండను తిని బతికే మొనగాడు ఆకు ఒక్కటే బిడ్డా. మనమందరం ఎవల మీదనో ఒకల మీద పడి తినేటోళ్లమే" అనేవాడు. సార్ అదే సంగతి పుస్తకం భాషలో చెప్పేవాడు. గాలిలోని కార్బన్‌ను పట్టుకుని ఒళ్లు కట్టుకోవడం చెట్టుకు తెలుసు, ఆ విద్య మనకు రాదు, శక్తి కావాలన్నా ఒళ్లు పెరగాలన్నా ఇంకొకరు కట్టుకున్న ఒంటిని తినాల్సిందే అని. "ఈ పురుగు రెక్కలో ఉన్న కార్బన్ మొన్నటిదాకా గుమ్మడికాయలో ఉన్నదేనమ్మా" అని ఆయన మురిసిపోతే, "నేను కూర వండి ఉంటే మీలో ఉండేది సార్" అనేదాన్ని. ఆయన నవ్వు ఆపుకుంటూ రిజిస్టరులోకి తలదూర్చేవాడు.

రాష్ట్రం వచ్చిన నాలుగైదేళ్ల తర్వాతి మాట ఇది. ఒకరోజు పొద్దున్నే ఒక ఆడమనిషి చేతిలో పెద్ద కవరుతో ల్యాబ్ మెట్లెక్కింది. నాకంటే నాలుగైదేళ్లు చిన్నది. కవరు విప్పితే జామకొమ్మ. ఆకుల కింద, కాయల తొడిమల దగ్గర అంతా పిండినల్లి. ఆకుల పైన మసి పట్టినట్టు నలుపు.

"మూడుసార్లు మందు కొట్టినం మేడం. కొట్టినప్పుడల్లా వారం దినాలు తగ్గినట్టే ఉంటది, మల్ల వస్తది" అంది.

ఆమె కథ నెమ్మదిగా బయటపడింది. దేవరకొండ దాటి కల్వకుర్తి వైపు పోయే దారిలో ఒక ఊరు వాళ్లది. పుట్టినప్పటి నుంచి వేరేవాళ్ల బత్తాయి తోటల్లో కూలి. సర్కారు ఇచ్చిన మూడెకరాల చెల్క చేతికి వచ్చాక, భర్త పత్తి పెడదామంటే, ఈమె పట్టుబట్టి జామ పెట్టించింది. బోరు పడేదాకా బిందెలతో నీళ్లు మోసి, మూడేళ్లు కాపాడింది. తొలి కాపు చేతికొచ్చే ముందు ఈ తెల్ల పురుగు పట్టుకుంది.

"మా ఆయన జేసీబీ ఆయనతోని మాట్లాడి పెట్టిండు. గీసారి తగ్గకపోతే చెట్లన్ని పీకిచ్చి పత్తి పెడ్తడంట. పీకిస్తే పీకిచ్చిండు గని, మల్ల నేను ఒకల తోటల్లకు పనికి పోవుడు నాతోని కాదు" అంది. ఆ మాట అంటూ ఆమె ఏడవలేదు. కొమ్మను తిరిగి కవరులో పెట్టి మూతి గట్టిగా ముడి వేసింది.

సార్ అన్నీ వివరంగా చెప్పాడు. పిండినల్లి ఒంటి మీద మైనపు పొడి ఉంటుంది కాబట్టి మందు లోపలికి దిగదు, పైగా ఆ మందుకు దాన్ని తినే పురుగులే ముందు చస్తాయి అని. ఒకటే షరతు పెట్టాడు. మేం పెంకుపురుగులను వదిలిన తర్వాత నెలా నెలన్నర మందు ముట్టకూడదు. ఆమె ఒప్పుకుంది.

రెండు రోజుల తర్వాత నేను డబ్బాల్లో పురుగులను సర్దుకుని బస్సెక్కాను. చల్లపూట వదలాలి కాబట్టి తెల్లవారుజామునే బయలుదేరాను. రైతులకు ఇవ్వడానికి మా దగ్గర ఒక కాగితం ఉండేది. అందులో ఏ పురుగు ఎలా ఉంటుందో బొమ్మలతో సహా ఉంటుంది. ముందురోజు దాన్ని నేనే జిరాక్స్ తీయించాను. యంత్రంలో ఇంకు ఎక్కువై బొమ్మలన్నీ నల్లముద్దలయ్యాయి. చూశాను. చూసి కూడా, పోనీలే, ఎలాగూ నేనే వెళ్తున్నాను, నోటితో చెబితే పోలా అనుకున్నాను.

తోట చూస్తే ముద్దొచ్చింది. ఎర్రమట్టిలో వరసలు తీర్చి, ఒక్క కలుపు మొక్క లేకుండా ఎంత శుభ్రంగా పెట్టుకుందో! చెట్టు చెట్టుకూ పది, పదిహేను పురుగులు వదిలాం. పిండినల్లి విసర్జించే తియ్యటి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి, పెంకుపురుగును దగ్గరికి రానివ్వవు. అందుకని చీమలు ఎక్కకుండా చెట్ల మొదళ్లకు గ్రీజు పట్టీలు కట్టించాను. భర్త పట్టీలు కట్టాడు గానీ, గారడీ చేసేదాన్ని చూసినట్టే నన్ను చూస్తున్నాడు.

పని అయ్యాక ఆమె వదలలేదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, వేయించిన ఎండుమిరపకాయలు పెట్టింది. మేడం అన్న మనిషి రెండో రొట్టె దగ్గర అక్కా అంది. నేను చెల్లె అన్నాను. ఇక పిల్లలు, చదువులు, మోకాళ్ల నొప్పులు, అన్నీ మాట్లాడుకున్నాం. బస్సు హారన్ వినిపించి కాగితం ఆమె చేతిలో పెట్టి ఉరికాను. చెప్పవలసిన ముఖ్యమైన మాట ఒకటి నా నోట్లోనే ఉండిపోయింది.

ఆ మాట ఏమిటంటే, పెంకుపురుగు పిల్ల దాని తల్లిలాగా ఉండదు. తెల్లగా ఉంటుంది. ఒళ్లంతా తెల్లటి మైనపు కుచ్చులతో, అచ్చం పిండినల్లిలాగే, దానికంటే రెండింతలు లావుగా ఉంటుంది. ఏది దొంగో ఏది పోలీసో తెలియకుండా ఇద్దరికీ ఒకే బట్టలు. తెలియనివాళ్లు చూస్తే పిండినల్లి ముదిరిందనే అనుకుంటారు. నేను రోజూ వాటి మధ్యే బతికేదాన్ని కాబట్టి, ఈ సంగతి లోకంలో అందరికీ తెలుసన్నట్టే ఉండేది నాకు.

మూడు వారాలు కాలేదు, ఫోన్ వచ్చింది.

"అక్కా, నువ్విచ్చిన నల్లపురుగులు ఒక్కటి కనవడ్తలేదు. తెల్లపురుగులు మాత్రం ఇంతింత లావైనయ్. కుచ్చులు కుచ్చులు వచ్చినయ్. ఇంతకుముందు కదలకపోయేటియి, ఇప్పుడు చెట్టు మీద నడుస్తున్నయ్ అక్కా!"

నేనేం చేశానో తెలుసా? నవ్వాను. పకపకా నవ్వాను. మూడెకరాల తోట నిండా మా పిల్లలు పుట్టి, పెరిగి, తిరుగుతున్నాయన్న సంతోషం. ల్యాబులో వంద బోనులు కట్టినా రానంత సంతోషం. ఆ నవ్వులో నాకు మాట పెగల్లేదు.

 అవతల ఆమె గొంతు, అంతకుముందు ఎప్పుడూ విననంత నెమ్మదిగా. "నా తోట పోతాంది, నీకు నవ్వొస్తాందా అక్కా? మా ఆయన కొత్త మందు కలుపుతనే ఉన్నడు. ఆపుదామని నీకు ఫోన్ చేసిన. ఇగ ఆపను." ఫోన్ పెట్టేసింది.

మళ్లీ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాను. నాలుగోసారికి స్విచాఫ్.

సార్ అప్పుడే టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు. "సార్, లేవండి. బండి తీయండి" అన్నాను. అటెండరు కుర్చీలో ఉన్న కాకకే నేను ఎప్పుడూ అలా ఆజ్ఞ ఇవ్వలేదు, సార్‌కు ఇచ్చాను. ఆయన ఎందుకని కూడా అడగలేదు. నా మొహంలో ఏం కనిపించిందో ఏమో, చెయ్యి కూడా కడుక్కోకుండా లేచాడు.

ఆయన బండి నడపడం మీరు చూడాలి. మేక ఎదురొస్తే ఆపేవాడు, ఎద్దుల బండి ఎదురొస్తే దిగేవాడు. "సార్, మీకు దండం పెడతా, నడవండి" అని వెనక నుంచి మొత్తుకుంటూనే, జరిగినదంతా చెప్పాను. జిరాక్స్ సంగతి కూడా. దేవరకొండ దాటాక మాత్రం ఆయన, నేను అంతకుముందు ఎన్నడూ చూడనంత వేగంగా పోనిచ్చాడు.

తోట దగ్గర బండి దిగకముందే మందు వాసన ముక్కుకు తగిలింది. భర్త వీపున తైవాన్ పంపు తగిలించుకుని, మూతికి తువ్వాల కట్టుకుని కొడుతున్నాడు. బోరు వైపు నుంచి సగం తోట అయిపోయింది. తడిసిన ఒక చెట్టు కింద చూశాను. కింద పడిన తెల్లటి పిల్లలు కొన్ని ఇంకా కాళ్లు ఆడిస్తున్నాయి. నేను గుమ్మడికాయలు ఏరి, కడిగి, పెంచుకున్న వాటి సంతానం. అక్కడే మట్టిలో కూలబడ్డాను. ఏడుపు ఆగలేదు.

సార్ వెళ్లి పంపు గొట్టానికి అడ్డంగా నిలబడ్డాడు. అంత భయస్థుడు! చొక్కా ముందుభాగమంతా మందు పడింది. "ఒక్క అరగంట ఆపండి. అరగంట తర్వాత మీ ఇష్టం" అన్నాడు.

"ఎందుకాపాలె సారూ? మీ మాట విని ఇన్ని దినాలు చేతులు కట్టుకోని కూసున్నం. ఉన్నయి పోలే, లావైనయ్" అన్నాడు భర్త. ఆయన కోపంలో న్యాయం ఉంది.

నేను లేచాను. మొహం తుడుచుకుని, ఇంకా మందు పడని వరసలోకి వెళ్లి, పిండినల్లి దూదిలాంటి సంచుల్లో గుడ్లు పెట్టిన ఆకు ఒకటి తెంపాను. పక్క కొమ్మ మీద నుంచి కుచ్చుల పురుగునొకదాన్ని పుల్లతో ఎత్తి దాని మీద పెట్టాను. ఆమె దూరంగా బోరు దగ్గర నిలబడి ఉంది. నా వైపు చూడటం లేదు.

"చెల్లె, ఇటు రా. నా మాట నమ్మకు. నీ కండ్లతోనే చూడు."

వచ్చింది. ఆకును ఆమె అరచేతిలోనే పెట్టాను. నలుగురం ఆ చేతి చుట్టూ కూర్చున్నాం. ఆ పాడు పురుగు తింటేగా! ఆకు చివరిదాకా నడిచింది. వెనక్కి తిరిగింది. ఈనె మీద ఆగి కదలకుండా పడుకుంది. ల్యాబులో పగలూ రాత్రీ తినే పురుగుకు ఆ రోజే ఆకలి పోయింది. భర్త రెండుసార్లు పంపు పిడి మీద చెయ్యి వేశాడు. సార్ గడియారం చూసుకుంటున్నాడు. కంగారులో కళ్లద్దాలు ల్యాబులోనే మరిచిపోయాను, నాకు ఏమీ సరిగా కనబడటం లేదు.

ఆమె మాత్రం రెప్ప వేయలేదు. ఎంతసేపటికో, "ఆగు, ఆగు" అంది. అరచేతిని కళ్లకు దగ్గరగా తీసుకుంది. "తలకాయ లోపల పెట్టింది... దూది ఉన్న కాడ... అక్కా, గుడ్లు తింటాంది! ఓయ్, ఇటు చూడు, తింటాంది! మన తోటను తినేటిదాన్ని తినేటిది గిదే!"

భర్త వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పంపు వీపు మీద నుంచి దించి గట్టు మీద పెట్టాడు. తువ్వాల విప్పి అందులో మొహం దాచుకున్నాడు. "సగం సంపేసిన గదా" అన్నాడు.

"నువ్వు కాదన్నా, నేను" అన్నాను. బొమ్మలు నల్లబడ్డ కాగితం సంగతీ, రొట్టెల దగ్గర కబుర్లలో పడి చెప్పడం మరిచిపోయిన సంగతీ చెప్పేశాను. ఫోన్లో ఎందుకు నవ్వానో కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టింది కూడా. "గంత ముఖ్యమైన మాట ఉంటే ముందు గది చెప్పి తర్వాత రొట్టె తినాలె గని, రొట్టె తిని బస్సెక్కుతరా ఎవలన్న?" అంది. అంటూనే సార్ చొక్కా చూసి, సబ్బు ఇచ్చి బోరు దగ్గరికి తోలింది. ఆ చొక్కా వాసన వదిలేదాకా ఆయన్ని రొట్టెల దగ్గరికి రానివ్వలేదు.

మందు పడిన సగంలో మళ్లీ వదలడానికి మా దగ్గర పురుగులు తయారుగా లేవు. ఆ దారి కూడా ఆమే చూపింది. మందు వాసన పోయిన తర్వాత, బతికిన సగంలో నుంచి కుచ్చుల పిల్లలున్న రెమ్మలను కత్తిరించి, గంపలో పెట్టి తెచ్చి, పురుగులు చచ్చిన సగంలో చెట్టుకొకటి కట్టింది. రోజూ చల్లపూట అదే పని. నేను సెలవు రోజుల్లో వెళ్లి చెయ్యి వేసేదాన్ని. ఏ పిల్ల ముదిరిందో, ఏది రేపోమాపో రెక్కల పురుగవుతుందో నాకంటే ముందే చెప్పేది. భర్త జేసీబీ ఆయనకు ఫోన్ చేసి రావద్దన్నాడు. తొలి కాపు సగమే దక్కింది. అది నా లెక్కలోదే, ఎవరి మీదికీ నెట్టను. కానీ చెట్టు ఒక్కటి కూడా పోలేదు.

ఆ ఏడాది గడిచాక, రెండో కాపు పిందె మీద ఉన్నప్పుడు సార్, నేను మళ్లీ వెళ్లాం. తోట నిగనిగలాడుతోంది. వెతికినా తెల్ల మచ్చ కనబడలేదు. సార్ రిజిస్టరులో సంతోషంగా రాసుకుంటూ చివరి వరసకు వచ్చి ఆగిపోయాడు. గట్టు పక్కన మూలచెట్టు నిండా పిండినల్లి. ఆకులు నల్లగా మసి పట్టి ఉన్నాయి. మొదలుకు కట్టిన గ్రీజు పట్టీ మాత్రం కొత్తగా ఉంది.

"దీన్ని మరిచిపోయినట్టున్నావమ్మా" అన్నాడు సార్.

"మర్వలే సార్. కావాల్నని ఉంచిన." ఆమె ఒక కొమ్మ వంచి చూపించింది. పిండినల్లి మధ్య మా పెంకుపురుగులు, కుచ్చుల పిల్లలు. "తోటంత సాఫయింది కదా. ఇగ వాటికి తినేతందుకు ఏముంది? ఉపాసం సచ్చిపోతయి, లేకపోతే ఏడనో పోతయి. అందుకే గీ చెట్టు కాయ మేము తెంపం. గీ చెట్టు వాటిది."

పురుగు తగ్గిన తోటలో దాన్ని తినే పురుగుకు ఎక్కడో ఒకచోట తిండి మిగల్చాలని సార్ చదువుకున్న పుస్తకాల్లో ఉందట. ఆ మాట ఏ రైతుకూ చెప్పాలని మాకు తట్టలేదు. "నీకిది ఎవరు చెప్పారమ్మా?" అన్నాడు ఆయన.

"ఎవలు చెప్పాలె సార్? బత్తాయి తోటల్ల కాయ తెంపినన్ని దినాలు రా రా అని పిలుస్తుండె. తెంపుడు అయిపోయిన నాడు మా మొకం చూసేటోడు లేకుండె. పనైపోయిందని నేను వీటిని గట్ల ఎల్లగొడ్తనా?"

సార్ రిజిస్టరు మూసేశాడు. ఆమె మా ఇద్దరినీ పట్టించుకోకుండా బోరు మోటారు వేసి, నీళ్ల పైపు లాక్కుంటూ వచ్చి, తోటంతటిలో ముందుగా ఆ మూలచెట్టు మొదట్లో పెట్టింది.